ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్: ఇరవై సిట్టింగులా, ఐదా, లేక గింజలా?

వేకువనడక

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఇక్కడి పాత చర్చలన్నీ చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

నా వయసు 67. పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష, 11.8. బయాప్సీలో 12 ముక్కలు తీస్తే అయిదింటిలో క్యాన్సర్ కనిపించింది, కణాల దూకుడును చెప్పే గ్లీసన్ స్కోరు 4+3. జబ్బు గ్రంథి గోడ దాటలేదని ఎంఆర్ఐ చెప్పింది. జబ్బు పాకిందేమో చూసే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో ఎముకల్లో గానీ లింఫు గ్రంథుల్లో గానీ ఏమీ లేదు. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటాను. అందుకే ఆపరేషన్ జోలికి పోకుండా రేడియేషన్ వైపే మొగ్గాను.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ముగ్గురు డాక్టర్లను కలిశాను. ఒకరు 20 సిట్టింగులు, వాటితోపాటు టెస్టోస్టిరాన్‌ను అణచే హార్మోన్ చికిత్స ఆరు నెలలు అన్నారు. రెండోవారు ఐదు సిట్టింగుల్లోనే ముగించవచ్చన్నారు. మూడోవారు ముందు బయటినుంచి రేడియేషన్ ఇచ్చి, ఆపైన బ్రాకీథెరపీ బూస్ట్, అంటే గ్రంథి లోపలినుంచే అదనపు డోసు, ఇస్తామన్నారు. ముగ్గురూ ఓపికగా చెప్పారు, ముగ్గురూ నమ్మకంగా చెప్పారు. ఎవరి దగ్గరినుంచి బయటికి వస్తే వారి మాటే సరైనదనిపిస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఏది మంచిదో తేల్చమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు ఎలా తేల్చుకున్నారు? ముందే ఎవరైనా ఈ ప్రశ్న వేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు దేని గురించి అనుకుంటున్నారు? అది చెప్పండి చాలు.

కొలబద్ద

వేకువనడక గారూ, నేను రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. డాక్టర్‌ని కాను, డోసు లెక్కలు చూడడం నా పని. కాబట్టి నాకు తెలిసిన మేరకు లెక్కల వైపునుంచే చెబుతాను.

రేడియేషన్ డోసును గ్రే అనే కొలతలో చెబుతారు. పాత పద్ధతిలో రోజుకు 2 గ్రే చొప్పున 39 రోజులు, మొత్తం 78. ఇరవై సిట్టింగుల పద్ధతిలో రోజుకు 3, మొత్తం 60. ఐదు సిట్టింగుల పద్ధతిలో సాధారణంగా ఒక్కోసారి 7.25, మొత్తం 36.25. మొత్తం ఇలా తగ్గిపోతుంటే వైద్యం చాలదేమోనని చాలామంది భయపడతారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు ఒక గుణం ఉంది. చిన్న దెబ్బలైతే మర్నాటికల్లా సరిచేసుకోగలవు, పెద్ద దెబ్బ నుంచి అంత తేలికగా కోలుకోలేవు. అందుకే తక్కువ సార్లు, ఒక్కోసారి ఎక్కువ డోసు అనే దారి ఈ క్యాన్సర్‌లో బాగా నడుస్తుంది.

ఇది ఊహ కాదు. బ్రిటన్ కేంద్రంగా 3,216 మందితో జరిగిన చిప్ అనే ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 37 సిట్టింగుల గుంపులో 88.3 శాతం, 20 సిట్టింగుల గుంపులో 90.6 శాతం. ఐదు సిట్టింగుల మీద పేస్-బి అనే ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. 874 మంది పాల్గొన్నారు. ఐదేళ్లకు ఆ గుంపులో 95.8, ఎక్కువ సిట్టింగుల గుంపులో 94.6 శాతం.

ఆ 95.8 అంకెను మీకు ఎవరైనా చూపించి ఉంటే ఒక్క నిమిషం ఆగండి. పేస్-బిలో గ్లీసన్ 3+4 దాటినవారిని చేర్చుకోలేదు. మీది 4+3. కూడితే రెండూ ఏడే. కానీ ముందున్న అంకె బయాప్సీలో ఎక్కువగా కనిపించిన కణాల తీరును చెబుతుంది. 4 ముందుంటే దూకుడైన కణాలే ఎక్కువని అర్థం. దానికి తోడు మీ పీఎస్ఏ 10 దాటింది. ఈ రెండూ కలిస్తే మిమ్మల్ని మధ్యస్థ ప్రమాదంలో కాస్త ప్రతికూలమైన వర్గంలో చేరుస్తారు. స్వీడన్, డెన్మార్క్‌లలో ఏడు సిట్టింగుల మీద జరిగిన ప్రయోగంలో, 2019లో వచ్చింది, మీలాంటివారు కూడా ఉన్నారు. అందులో ఐదేళ్లకు రెండు గుంపుల్లోనూ 84 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. అంటే తక్కువ సిట్టింగులు మీకు పనికిరావని కాదు. ఆ 95.8 మాత్రం మీ అంకె కాదు.

ఇంకొక మాట. మీ వర్గంలో సిట్టింగులు ఎన్ని అన్నదానికంటే నాలుగు నుంచి ఆరు నెలల హార్మోన్ చికిత్స ఉందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. ఐదు సిట్టింగులు చెప్పిన డాక్టర్ హార్మోన్ సంగతి ఏమన్నారో మీరు రాయలేదు.

వేకువనడక

అడగలేదండీ. ఐదు రోజుల్లో అయిపోతుందనగానే నా మనసు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆయన చెప్పినవి సరిగా వినలేదేమో కూడా.

ఇరవైరోజులు

నా పేరులోనే ఉంది నేను ఏది చేయించుకున్నానో. రెండున్నరేళ్లయింది. గ్లీసన్ 4+3, పీఎస్ఏ 9, దాదాపు మీ కథే.

రేడియేషన్ గదిలో నిజంగా ఏం జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. మొదట గ్రంథిలోకి మూడు బంగారు గుర్తులు పెట్టారు, ఒక్కొక్కటి బియ్యపు గింజకంటే చిన్నది. వారం తర్వాత స్కాన్ తీసి, తొడలకు రెండు వైపులా, పొత్తికడుపు మీద ఒకటి, ఆవగింజంత పచ్చబొట్టు చుక్కలు వేశారు. ఆ చుక్కల మీదికి లేజర్ గీతలు వచ్చేలా రోజూ పడుకోబెడతారు. మోకాళ్ల కింద దిండు, పాదాలకు అచ్చు. యంత్రం చుట్టూ తిరిగేది రెండు మూడు నిమిషాలే. నొప్పి లేదు, వేడి లేదు, చిన్న రొద అంతే.

కష్టమంతా మూత్రాశయం నిండుగా, మలాశయం ఖాళీగా ఉంచుకోవడంలోనే. మూత్రాశయం నిండితే దాని పైభాగం, పేగులు దూరంగా జరుగుతాయి. మలాశయం ఖాళీగా ఉంటే గ్రంథి రోజూ ఒకే చోట ఉంటుంది. నాకు ఖాళీ చేసుకుని అరలీటరు నీళ్లు తాగి నలభై నిమిషాలు ఆగమన్నారు. ఆరో రోజున టేబుల్ మీద పడుకుని మొదటి స్కాన్ అయ్యాక తెరమీద చూసి, లోపల గాలి ఉంది, లేచి కాసేపు నడిచి రండి అన్నారు. నిండిన మూత్రాశయంతో వరండాలో పది నిమిషాలు అటూ ఇటూ నడిచాను. ప్రతి అడుగూ లెక్కపెట్టుకుంటూ. తిరిగి వచ్చి పడుకుంటే ఇంకా గాలి ఉందన్నారు. ఆ రోజు నాకు కన్నీళ్లు వచ్చాయి. టెక్నీషియన్ అమ్మాయి చేయి పట్టుకుని, "ఇది మీ తప్పు కాదండీ, వారానికి ఇద్దరు ముగ్గురికి ఇలా అవుతూనే ఉంటుంది" అంది. మూడోసారికి కుదిరింది.

పదో సిట్టింగు తర్వాత మంట మొదలైంది, రాత్రికి ఐదుసార్లు లేచేవాణ్ణి. ధార తేలిక కావడానికి మాత్ర ఇచ్చారు. చికిత్స ముగిసిన ఆరు వారాలకు సర్దుకుంది. ఇప్పుడు ఒకసారి లేస్తాను. పీఎస్ఏ 0.2.

నన్ను ఎవరైనా అడిగి ఉండాల్సిన ప్రశ్న ఇది: ఇప్పటికే రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? నన్ను ఎవరూ అడగలేదు.

పాతగడియారం

ఎనిమిదేళ్ల కిందట రేడియేషన్ వెదజల్లే గింజలు పెట్టించుకున్నాను, ఇదీ బ్రాకీథెరపీలో ఒక రకమే. అయొడిన్-125 గింజలు, 84. మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్ చూస్తూ, కాళ్ల మధ్యనుంచి సూదులతో గ్రంథిలోకి పెట్టారు. మర్నాడు ఇంటికి. రోజూ ఆసుపత్రికి పరుగెత్తే పని లేదు. ఆ గింజల శక్తి సుమారు 60 రోజులకోసారి సగమవుతూ ఏడాదికి దాదాపు పూర్తిగా తగ్గిపోయింది, గింజలు మాత్రం ఇప్పటికీ లోపలే ఉన్నాయి. నన్నడిగితే ఇంతకంటే హాయైన మార్గం లేదు. వేకువనడక గారూ, గింజల గురించి గట్టిగా అడగండి.

ఒక్క బాధ మాత్రం మరచిపోలేను. మొదటి రెండు నెలలు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దన్నారు. దానికప్పుడు మూడేళ్లు. ఎందుకు దూరంగా కూర్చోమంటున్నానో దానికి చెప్పలేకపోయాను.

కొలబద్ద

పాతగడియారం గారూ, మీకు బాగా కుదిరినందుకు నిజంగా సంతోషం. కానీ మీ గ్లీసన్ ఎంత?

పాతగడియారం

3+3. పీఎస్ఏ 7.

కొలబద్ద

అదే తేడా. తక్కువ ప్రమాదం, లేదా మధ్యస్థంలో మేలైన వర్గమైతే గింజలు ఒక్కటే చాలు. ఇప్పుడైతే 3+3 ఉన్న చాలామందికి అసలు చికిత్సే మొదలుపెట్టకుండా గమనిస్తూ ఉండమంటారు. 4+3 దగ్గర గింజలు ఒంటరిగా సరిపోతాయని నేను అనలేను. అందుకే ఆ మూడో డాక్టర్ బయటి రేడియేషన్‌తో కలిపి చెప్పారు.

నీలిగువ్వ

మా నాన్నకు చేయించింది ఆ కలిపిన పద్ధతే. ఆయనది గ్లీసన్ 9, పీఎస్ఏ 24. నాకు తెలిసినది రాస్తాను, మంచీ చెడూ రెండూ.

మంచి: అసెండ్-ఆర్‌టీ అని కెనడాలో నడిచిన ప్రయోగం ఉంది. అందులో 398 మంది. అందరికీ ఏడాది హార్మోన్ చికిత్స, అందరికీ కటి భాగానికి బయటి రేడియేషన్. ఆపైన సగం మందికి బయటినుంచే అదనపు డోసు, సగం మందికి గింజలతో అదనపు డోసు. తొమ్మిదేళ్లకు పీఎస్ఏ పెరగకుండా ఉన్నవారు మొదటి గుంపులో 62 శాతం, గింజల గుంపులో 83 శాతం. ఈ తేడా చూసే మేము ఒప్పుకున్నాం.

చెడు: అదే ప్రయోగంలో మూత్రం వైపు తీవ్రమైన ఇబ్బందులు ఐదేళ్లలో గింజల గుంపులో 18.4 శాతం మందికి, రెండో గుంపులో 5.2 శాతం మందికి వచ్చాయి. నాన్న ఆ 18లో పడ్డారు. పద్నాలుగు నెలల తర్వాత మూత్రనాళం సన్నబడింది. ఒక రాత్రి అసలు మూత్రం రాక, మంచం అంచున కూర్చుని రెండు చేతులతో దుప్పటి పట్టుకుని ఉన్నారు. మాట్లాడలేదు. నాకు ఆ చేతులే గుర్తున్నాయి. గొట్టం వేసి, తర్వాత మూత్రనాళాన్ని వెడల్పు చేశారు. ఇప్పటికి రెండుసార్లయింది.

మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే పద్ధతి ఎంచుకుంటామా అని అందరూ అడుగుతారు. ఎంచుకుంటాం. గ్లీసన్ 9కి మాకు అది కావాలి. ఇప్పుడు ఆరో ఏడు, పీఎస్ఏ 0.1 కంటే తక్కువ. కానీ 4+3కి కూడా అంత మూల్యం చెల్లించాలా అన్నది మీరు మీ డాక్టర్‌ను గుచ్చి గుచ్చి అడగాలి. ఇంకో విషయం, ఇప్పుడు చాలాచోట్ల శాశ్వత గింజల బదులు ఇరిడియం-192తో తాత్కాలిక పద్ధతి చేస్తున్నారు. సూదుల గుండా రేడియేషన్ మూలాన్ని లోపలికి పంపి, కొద్ది నిమిషాల్లో వెనక్కి తీసేస్తారు. శరీరంలో ఏమీ మిగలదు. మీకు చెప్పింది వీటిలో ఏది?

వేకువనడక

ఇరిడియం అన్నట్టే గుర్తు. నీలిగువ్వ గారూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి.

ఇరవైరోజులు గారి ప్రశ్నకు జవాబు: రాత్రి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. ధార సన్నగానే వస్తుంది. వయసు కదా అని పట్టించుకోలేదు.

కొలబద్ద

ఇదే మీ చర్చలో అసలు మలుపు. ఐపీఎస్ఎస్ అని ఒక ప్రశ్నావళి ఉంది. మూత్రం గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. గత నెల రోజులు ఎలా గడిచిందో చూసుకుని నిజాయితీగా వేయండి. ఎంఆర్ఐ రిపోర్టులో గ్రంథి పరిమాణం ఎన్ని సీసీలని ఉందో కూడా చూడండి. గతంలో ప్రోస్టేట్‌ను లోపలినుంచి చెక్కే ఆపరేషన్ అయిందా? అయి ఉంటే బ్రాకీథెరపీ తర్వాత మూత్రం పట్టు తప్పే ప్రమాదం పెరుగుతుంది.

వేకువనడక

చెక్కే ఆపరేషన్ కాలేదు. గ్రంథి 58 సీసీ. ప్రశ్నావళిని నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని నింపాను. నేను 13 వేసుకున్నాను. ఆవిడ కాగితం తీసుకుని రెండు జవాబులు దిద్దింది. 19 వచ్చింది. ఆవిడ లెక్కే నిజం.

కొలబద్ద

20 దాటితే బ్రాకీథెరపీకి చాలామంది వెనకాడతారు. మీరు గుమ్మంలోనే ఉన్నారు. 60 సీసీ దాటితే సూదులు పెట్టడం కష్టం. అక్కడా గుమ్మంలోనే ఉన్నారు. రెండు మూడు నెలల హార్మోన్ చికిత్సతో గ్రంథి కుంచించుకుపోవచ్చు, కాబట్టి దారి మూసుకుపోలేదు. కానీ ఆ మూడో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ రెండు అంకెలూ ముందు పెట్టండి.

మర్రినీడ

ఐదు సిట్టింగులవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. ఏడాదిన్నర అయింది. గ్లీసన్ 3+4, హార్మోన్ లేదు. ఎంఆర్ఐ ఉన్న యంత్రం మీద రోజు విడిచి రోజు చేశారు. లోపల పడుకునే సమయం ఎక్కువ, నాకు ఒక్కోసారి నలభై నిమిషాలు పట్టింది. గ్రంథికీ మలాశయానికీ మధ్య జెల్ కూడా పెట్టారు. ఆ రెండింటినీ సుమారు సెంటీమీటరు దూరం జరుపుతుంది, ఆరు నెలల్లో దానంతటదే కరిగిపోతుంది.

ఐదు రోజుల్లో అయిపోవడం నిజమే. శరీరం మాత్రం ఐదు రోజుల్లో మరచిపోదు. రెండో వారంలో వచ్చిన మంట, గంట గంటకూ వెళ్లాల్సి రావడం ఇరవైరోజులు గారు చెప్పినదానికంటే ఘాటుగానే ఉండింది. నెలన్నరకు తగ్గింది.

నేను ఎంఆర్ఐ యంత్రాన్ని ఎంచుకున్నది ఒక కారణంతో. మిరాజ్ అనే ప్రయోగంలో మామూలు స్కాన్ చూస్తూ గ్రంథితోపాటు చుట్టూ 4 మిల్లీమీటర్ల అంచుకు కూడా రేడియేషన్ ఇచ్చిన గుంపునూ, ఎంఆర్ఐ చూస్తూ 2 మిల్లీమీటర్ల అంచుకే ఇచ్చిన గుంపునూ పోల్చారు. మందులు వాడాల్సినంత మూత్రపు ఇబ్బంది మొదటి గుంపులో 43.4 శాతం మందికి, రెండో గుంపులో 24.4 శాతం మందికి వచ్చింది. రెండు మిల్లీమీటర్ల తేడా అంత పని చేస్తుందని నేను అనుకోలేదు.

కొలబద్ద

ఆ అంకెలు మొదటి మూడు నెలలవి అని గుర్తుంచుకోవాలి. అయినా మంచి ప్రయోగం. యంత్రం పేరు కంటే "అంచు ఎన్ని మిల్లీమీటర్లు వదులుతారు? రోజూ గ్రంథిని ఎలా చూసుకుంటారు?" అని అడగడం మేలు. ఈ రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే విభాగం నాకు నమ్మకం కలిగిస్తుంది.

ఒంటరితెరచాప

వేకువనడక గారు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారని చదివి ఇది రాస్తున్నాను. దయచేసి దీన్ని చదవండి.

39 సిట్టింగులు చేయించుకున్న ఏడాది తర్వాత నాకు మలంతో రక్తం పడింది. మొదటిసారి చూసినప్పుడు గోడ పట్టుకుని నిలబడ్డాను. క్యాన్సర్ మలాశయానికి పాకిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అది రేడియేషన్ వల్ల మలాశయపు ముందు గోడలో పెళుసు రక్తనాళాలు ఏర్పడటమని తర్వాత తెలిసింది. నెలల తర్వాత, ఏడాది రెండేళ్ల తర్వాత వస్తుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నేను కూడా రక్తం పలచబడే మందు వాడేవాణ్ణి. అందుకే నాకు ఎక్కువగా పడిందన్నారు.

మరో ముఖ్యమైన సంగతి. నాకు కొలనోస్కోపీ చేసిన డాక్టర్‌కు నా రేడియేషన్ చరిత్ర తెలియదు, ముక్క తీయబోయారు. అదృష్టవశాత్తూ నా భార్య ముందే కాగితాలు ఇచ్చి ఉండడంతో ఆగారు. రేడియేషన్ తగిలిన ముందు గోడనుంచి ముక్క తీస్తే ఆ గాయం మానక రంధ్రంగా మారే ప్రమాదం ఉందట. మీరు ఏ చికిత్స ఎంచుకున్నా, ఆ డోసు వివరాల కాగితం జీవితాంతం దగ్గర ఉంచుకోండి. మలాశయంలో ఎవరు ఏం చేయబోయినా ముందు మీ రేడియేషన్ డాక్టర్‌తో మాట్లాడమని చెప్పండి.

మర్రినీడ గారు చెప్పిన జెల్ గురించి నన్ను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని నా కోరిక.

తూనీగ

ఇక్కడ రాసేవారిలో మగవారే ఎక్కువ. నేను ఒకరి భార్యను. మావారికి 64 ఏళ్లప్పుడు జరిగింది. ఎవరూ తలపెట్టని విషయం నేను రాస్తాను.

డాక్టర్లు మూత్రం గురించి అడిగారు, మలం గురించి అడిగారు. మా దాంపత్యం గురించి ఎవరూ అడగలేదు, మేమూ ఎత్తలేదు. ఆపరేషన్ అయితే అంగస్తంభన వెంటనే దెబ్బతింటుంది, రేడియేషన్ అయితే రెండు మూడేళ్లలో మెల్లగా తగ్గుతుంది. బ్రిటన్‌లో 1,643 మందితో జరిగిన ప్రొటెక్ట్ ప్రయోగం వివరాలు మా అబ్బాయి చదివి చెప్పాడు. మొదట్లో 67 శాతం మందికి సామర్థ్యం ఉంది. ఆరు నెలలకు ఆపరేషన్ గుంపులో 12 శాతం, రేడియేషన్ గుంపులో 22 శాతం మాత్రమే మిగిలారు. రేడియేషన్ గుంపులో అంత పడిపోవడానికి హార్మోన్ మందూ కారణమే. తర్వాత కొంత తేరుకున్నారు.

మావారికి హార్మోన్ ఇంజెక్షన్ ఆరు నెలలే. కానీ ఆయన టెస్టోస్టిరాన్ మామూలు స్థాయికి రావడానికి మరో తొమ్మిది నెలలు పట్టింది. "ఆరు నెలల చికిత్స" అంటే ఆరు నెలల్లో మనిషి మామూలవుతాడని కాదు. వేడి ఆవిర్లు, అర్ధరాత్రి చెమటతో తడిసిన దిండు, కారణం లేని కన్నీళ్లు. నేను ఇంత రాస్తున్నది భయపెట్టడానికి కాదు. ముందే తెలిసి ఉంటే ఆయన నామీద కోపంతో అటు తిరిగి పడుకున్నారని నేను అనుకునేదాన్ని కాదు.

అదే ప్రయోగంలో పదిహేనేళ్లకు ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు మొత్తంమీద 2.7 శాతం. ఆ అంకెను మాత్రం కాగితం మీద రాసి మావారి మంచం పక్కన పెట్టాను.

ఇరవైరోజులు

తూనీగ గారూ, ఈ మాట రాసినందుకు ధన్యవాదాలు. నా భార్యకు చూపించాను.

హార్మోన్ రోజుల్లో నన్ను నిలబెట్టింది వ్యాయామం. వారానికి మూడు రోజులు బరువులతో, మిగతా రోజులు నడక. కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది అని చెప్పి ముందే ఎముకల సాంద్రత స్కాన్ తీయించారు.

నీలిగువ్వ

వేకువనడక గారికి స్టెంట్ ఉంది కదా. హార్మోన్ మందు గురించి గుండె డాక్టర్‌తో తప్పక మాట్లాడాలి. ఇంజెక్షన్‌గా ఇచ్చే ల్యూప్రొలైడ్‌నూ, మాత్రగా వేసుకునే రెలుగోలిక్స్‌నూ పోల్చిన ప్రయోగం 2020లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఇంజెక్షన్ గుంపులో 6.2 శాతం మందికి, మాత్ర గుంపులో 2.9 శాతం మందికి కనిపించాయి. ఆ ప్రయోగం ముఖ్యంగా గుండె కోసం చేసింది కాదు, కాబట్టి అదే ఆఖరి మాట అనలేం. అడగదగిన ప్రశ్న మాత్రం తప్పకుండా అవుతుంది.

పాతగడియారం

నేను మొదట్లో తొందరపడి గింజలే మేలన్నాను. నాకు కుదిరింది అందరికీ కుదరాలని లేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ ఏ పద్ధతి అయినా తర్వాత ఎదురయ్యే ఒక భయం గురించి చెబుతాను. గింజలు పెట్టాక నా పీఎస్ఏ 0.5కి దిగింది. ఏడాదిన్నర తర్వాత 1.4 అయింది. ఆ మూడు నెలలు నేను మనిషిని కాను. రేడియేషన్ తర్వాత పీఎస్ఏ ఒకసారి ఎగిరి మళ్లీ దిగడం మామూలేనట, గింజల తర్వాత మరీ ఎక్కువట. కనిష్ఠ స్థాయికంటే 2 పాయింట్లు పైకి పోతేనే తిరగబెట్టినట్టు లెక్క. నాది మళ్లీ 0.3కి దిగింది. ఆ "కనిష్ఠం కలిపి 2" అనే నియమాన్ని నాకు మొదటి రోజే చెప్పి ఉంటే మూడు నెలల నిద్ర మిగిలేది.

మర్రినీడ

ప్రోటాన్ రేడియేషన్ గురించి ఎవరూ అనలేదు. మా బంధువు ఒకరు దానికోసం చాలా దూరం వెళ్లాలనుకుంటున్నారు.

కొలబద్ద

ప్రోటాన్లు లోపల ఒక లోతు దాకా వెళ్లి అక్కడే శక్తిలో ఎక్కువ భాగం వదిలి ఆగిపోతాయి. మామూలు ఎక్స్-కిరణాలు అవతలి వైపు దాకా పోతాయి. కాగితం మీద ప్రోటాన్లే మేలు. కానీ 450 మందితో రెండింటినీ పోల్చిన ప్రయోగం ఫలితాలు 2024లో చెప్పారు. రెండేళ్లకు మలాశయపు ఇబ్బందుల్లో తేడా కనిపించలేదు. జబ్బు అదుపులోనూ తేడా లేదు. దగ్గర్లో ఉంటే సరే, ఇంటివారిని వదిలి వారాల తరబడి దూరంగా ఉండేంత కారణం నాకు కనిపించలేదు.

వేకువనడక

నెల తర్వాత మళ్లీ వస్తున్నాను. మీరందరూ చెప్పినవి ఒక నోటుబుక్కులో రాసుకుని ముగ్గురు డాక్టర్లనూ రెండోసారి కలిశాను. ఈసారి నా భార్య కూడా పక్కన కూర్చుంది.

బ్రాకీ డాక్టర్ 19, 58 అన్న అంకెలు చూసి కుర్చీలో కాస్త వెనక్కి వాలి, "నేనైతే మీకు దీన్ని మొదటి ఎంపికగా చెప్పను" అన్నారు. మొదటిసారి ఆయన ఈ రెండూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆయనమీద నాకు కోపం లేదు, ఇప్పుడు నిజాయితీగా చెప్పినందుకు గౌరవమే పెరిగింది.

ఐదు సిట్టింగుల డాక్టర్ హార్మోన్ చికిత్స కూడా ఉంటుందనే అన్నారు. నేనే వినలేదు. అంచు ఎంతంటే 5 మిల్లీమీటర్లు, వెనకవైపు 3 అన్నారు. తడుముకోలేదు. ఆయన దగ్గరే చేయించుకుందామని దాదాపు అనుకున్నాను. కానీ ఇప్పటికే మూడుసార్లు లేచే మనిషికి మొదటి నెలలో ఘాటు ఎక్కువ ఉండవచ్చని ఆయనే చెప్పారు.

చివరికి 20 సిట్టింగులు, ఆరు నెలల హార్మోన్, మధ్యలో జెల్. జెల్ పెట్టడానికి రక్తం పలచబడే మాత్ర ఎన్ని రోజులు ఆపవచ్చో గుండె డాక్టర్, రేడియేషన్ డాక్టర్ మాట్లాడుకుని తేల్చారు. హార్మోన్ విషయంలో గుండె డాక్టర్ ఇంజెక్షన్ కాకుండా మాత్రవైపే మొగ్గారు. అది మొదలై పద్దెనిమిది రోజులైంది. నిన్న రాత్రి మొదటిసారి వేడి ఆవిరి వచ్చింది. దిండు తిప్పుకుని పడుకున్నాను. నా భార్య లేచి కిటికీ తెరిచింది, ఏమీ అడగలేదు. తూనీగ గారి మాటలు ఆవిడకు ముందే చదివి వినిపించాను.

రెండు నెలల తర్వాత సిట్టింగులు మొదలవుతాయి. ఇరవైరోజులు గారూ, ఆ గాలి సంగతి నాకు బెంగగా ఉంది. ముందు రోజునుంచీ చేసుకోదగినది ఏమైనా ఉందా?

ఇరవైరోజులు

ఉంది. రోజూ ఒకే సమయానికి మల విసర్జన అయ్యేలా ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి, అవసరమైతే మెత్తబరిచే మందు అడగండి. సిట్టింగు సమయం కూడా దానికి కాస్త తర్వాత ఉండేలా అడిగి తీసుకోండి. అడిగితే చాలాసార్లు ఇస్తారు. గబగబా మింగకుండా నెమ్మదిగా నీళ్లు తాగండి, గాలి తక్కువ పోతుంది. ఇంట్లో వారం రోజులు రిహార్సల్ చేయండి: ఖాళీ చేసుకుని, అరలీటరు తాగి, నలభై నిమిషాలు ఆగి, ఇరవై నిమిషాలు కదలకుండా వెల్లకిలా పడుకోండి. నాకు ఐదో రోజుకు కుదిరింది.

వేకువనడక

ఇవాళ మధ్యాహ్నం మొదటిసారి చేశాను. ముప్పై ఒకటో నిమిషంలో లేచిపోయాను. రేపు మళ్లీ.